మాటలు పెరగాలంటే ఏ నియమం పెట్టి రాయించాలి? తెలుగు తరగతికి ఏడు అభ్యాసాల పోలిక

విహారయాత్ర మీద రాయమంటే తరగతిలో సగం నోటుపుస్తకాల్లో ఒకే వాక్యం కనిపిస్తుంది: "అక్కడ చాలా బాగుంది. మేము చాలా ఎంజాయ్ చేశాము." ఆ పిల్లలకు వేరే మాటలు రావని అనుకోవడానికి లేదు. ఇంపుగా, కమ్మగా, ముచ్చటగా అన్న మాటలు వింటే చాలామందికి అర్థమవుతాయి. రాసేటప్పుడు మాత్రం గుర్తుకు రావు. ఇంకొందరికి అవి నిజంగానే తెలియవు. పైకి రెండూ ఒకే ఇబ్బందిలా కనిపిస్తాయి కానీ రెంటికీ ఒకే అభ్యాసం పనిచేయదు. ఏ నియమం ఎవరికి అన్నది తేలాల్సింది ఇక్కడే.

నియమం పెట్టి రాయించడం మనకు కొత్త కాదు. అష్టావధానంలో పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవాళ్ళు) ఇచ్చే దత్తపది (ఇచ్చిన మాటలు వాడి పద్యం చెప్పడం), సమస్యాపూరణం (ఇచ్చిన పాదానికి తగ్గట్టు పద్యం నింపడం), నిషేధాక్షరి (వద్దన్న అక్షరం రాకుండా చెప్పడం), న్యస్తాక్షరి (అడిగిన చోట అడిగిన అక్షరం పెట్టడం) అన్నీ ఇవే. పద్యం పక్కనపెట్టి వచనంలోకి దించుకుంటే ఆరో తరగతి పిల్లలకూ అందుతాయి. అయితే అవధానం నడిచేది అప్పటికే బోలెడు మాటలు నోట ఉన్నవాళ్ళతో. మన పిల్లలకు ఆ మాటలు ఇంకా చేరాలి. అందుకే అవధానంలో రక్తికట్టే అంశాలన్నీ తరగతిలో రక్తికట్టవు.

ముందు దేన్ని చూడాలి

మొదటి ప్రశ్న: ఈ నియమం కొత్త మాటను తెస్తుందా, తెలిసిన మాటనే కదిలిస్తుందా? "ఈ మాటలు వాడి రాయి" అంటే కొత్త మాట ఇస్తున్నాం. "ఈ మాటలు వాడకుండా రాయి" అంటే పిల్లవాడి దగ్గర ఉన్నదాన్ని బయటికి రప్పిస్తున్నాం. మాటలు తక్కువగా ఉన్న పిల్లవాడి ముందు నిషేధం పెడితే మిగిలేది తెల్లకాగితం.

రెండోది, మాట ఒంటరిగా వస్తుందా, తన జోడీతో వస్తుందా? తెలుగులో ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, జాలి కలుగుతుంది. "నాకు ఆకలి వచ్చింది" అని రాసే పిల్లవాడికి ఆకలి అంటే ఏమిటో తెలుసు గాని, ఆ మాట వాడకం ఇంకా రాలేదు. పర్యాయపదాల పట్టిక బట్టీపట్టించడం వల్ల ఈ కొరత తీరదు.

మూడోది తూకం. ఇంటి కథలో "క్షీరం" అని, శుభలేఖలో "పెళ్ళికి రండి, తిని పొండి" అని రాస్తే మాట తెలిసీ చోటు తెలియనట్టే. కొన్ని నియమాలు పిల్లల్ని నిఘంటువులోని బరువైన మాటల వైపు నెడతాయి. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

చివరిది మీ సమయం. నలభై మంది రాసినవి దిద్దాల్సిన ఉపాధ్యాయుడికి, ఇంట్లో ఒక్క పిల్లతో కూర్చున్న తల్లికి ఒకే అభ్యాసం సరిపోదు.

| అభ్యాసం | కొత్త మాటలు | తెలిసిన మాటలు కదలడం | ముందు సిద్ధం చేయాల్సింది | దిద్దడం | ఏ తరగతికి |
|---|---|---|---|---|---|
| దత్తపది | బాగా వస్తాయి | కొంత | మాటల ఎంపిక, ఓపిక కావాలి | జతలుగా పిల్లలే చూసుకోవచ్చు | 4 నుంచి పైకి |
| అరిగిన మాటల నిషేధం | తక్కువ | బాగా | ఏమీ లేదు | తేలిక | 6 నుంచి పైకి |
| "ఇంగ్లీషు మాట + చేయు" నిషేధం | కొంత | బాగా | ఒకసారి జాబితా | తేలిక | 3 నుంచి పైకి |
| నిరోష్ఠ్యం (పెదవులు కలిసే అక్షరాలు లేకుండా) | నిఘంటువు దగ్గరుంటే వస్తాయి | బాగా | నియమం వివరించాలి | చదివించి వింటే చాలు | 8 నుంచి పైకి |
| గుణింత కథ | కొంత | కొంత | ఏమీ లేదు | చాలా తేలిక | 2 నుంచి 5 |
| పదాల లెక్క | తక్కువ | బాగా | ఏమీ లేదు | కష్టం | 9, 10 |
| సమస్య | దాదాపు రావు | కొంత | ఒక వాక్యం | మామూలు | ఏదైనా |

దత్తపది

ఒక్క అభ్యాసమే చేయించగలను అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. నాలుగు మాటలిచ్చి, ఆరేడు వాక్యాల్లో ఒక సంఘటన రాయమనాలి. నాలుగింటిలో రెండు బాగా తెలిసినవి, ఒకటి విన్నట్టే ఉండి వాడనిది, ఒకటి పూర్తిగా కొత్తది కావాలి. నాలుగూ కొత్తవైతే కథ మీద ధ్యాస పోతుంది, వాక్యాలు పాఠం చివర "సొంతవాక్యాలు రాయండి" కింద రాసేవాటిలా తయారవుతాయి.

మాటను జోడీతోనే ఇవ్వండి. "తాత్సారం" అని ఇవ్వకుండా "తాత్సారం చేయడం" అని, "కొలిక్కి" అని కాకుండా "కొలిక్కి రావడం" అని. తాత్సారం చేయడం, ఆరా తీయడం, నిలువెల్లా, కొలిక్కి రావడం ఇచ్చారనుకుందాం. సోమరిగా రాసిన జవాబు ఇలా ఉంటుంది: "రాము తాత్సారం చేశాడు. రవి ఆరా తీశాడు." నియమం పాటించినట్టే. నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. పనిచేసే జవాబు ఇలా ఉంటుంది:

"గ్యాస్ అయిపోవస్తోంది, బుక్ చేయండని అమ్మ వారం నుంచి చెబుతోంది. నాన్న రేపు రేపు అంటూ తాత్సారం చేశాడు. ఆదివారం చుట్టాలు వచ్చిన గంటకే పొయ్యి ఆరిపోయింది. వంటింట్లో చప్పుడు లేకపోయేసరికి పక్కింటి పిన్ని వచ్చి ఏమైందని ఆరా తీసింది. నాన్న నిలువెల్లా చెమటతో వీధి చివరిదాకా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. పిన్ని వాళ్ళ రెండో సిలిండర్ ఇస్తే గాని వ్యవహారం కొలిక్కి రాలేదు."

ఇందులో "రేపు రేపు అంటూ" అన్నదే తాత్సారం అంటే ఏమిటో చెబుతోంది. దీన్ని పరీక్షించడం సులువు. రాసినవాళ్ళు ఇచ్చిన మాటల చోట ఖాళీలు వదిలి పక్కవాళ్ళకు ఇస్తారు. చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి ఏ మాట ఎక్కడ పడాలో పక్కవాళ్ళు పట్టుకోగలిగితే ఆ మాట కుదిరినట్టు. దీనివల్ల ఉపాధ్యాయుడికి దిద్దే పని సగం తగ్గుతుంది. ఒకే మాటను ఇద్దరు పిల్లలు రెండు సందర్భాల్లో చూసినట్టూ అవుతుంది.

అవధానంలో దత్తపదికి ఇచ్చిన మాటను విరిచి, వేరే అర్థంలో ఇరికించడం గొప్ప. "వడ" ఇస్తే "వడగళ్ళు"లో దాచేస్తారు. సభలో అది చప్పట్లు కొట్టించే నేర్పు. మాటలు నేర్పే తరగతిలో మాత్రం దీన్ని వద్దనండి, విరిచిన మాట అర్థం పిల్లవాడికి చేరదు.

మాటలన్నీ పాఠ్యపుస్తకంలోంచే రావాలని లేదు. వారానికి రెండు మాటలు ఇంటి నుంచి తెమ్మనండి. తెలంగాణ పిల్లలు యాది (జ్ఞాపకం), సోపతి (స్నేహం), తొవ్వ (దారి) తెస్తారు. మిగతా ప్రాంతాల పిల్లలు తమ నాయనమ్మల మాటలు తెస్తారు. తమ ఇంటి మాట నల్లబల్ల మీద, పుస్తకంలోని మాట పక్కన కనిపించిన రోజు, రాయడానికి జంకే పిల్లలు కూడా కలం తీస్తారు. ఇళ్ళలో ఉన్న తెలుగును బడి బయటే ఆపేసి, పిల్లలకు పదసంపద లేదనడం అన్యాయం.

అరిగిన మాటల నిషేధం

చాలా, బాగుంది, మంచి, పెద్ద, అందమైన. ఈ ఐదూ వాడకుండా తిరునాళ్ళ గురించి పది వాక్యాలు. సిద్ధం చేసుకోవాల్సింది ఏమీ లేదు, తప్పు దొరికించుకోవడం కూడా తేలిక. అందుకే ఇది అందరికీ నచ్చుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. "బాగుంది" తీసేస్తే "సూపర్‌గా ఉంది" వస్తుంది. దాన్నీ తీసేస్తే "అద్భుతంగా ఉంది" వస్తుంది. అరిగిన మాట పోయి, అరగబోయే మాట వచ్చి కూర్చుంటుంది. దీనికి విరుగుడుగా నిషేధంతోపాటు ఒక ప్రశ్న వేయాలి: దేనికి బాగుంది? కంటికైతే ముచ్చటగా, కళకళలాడుతూ. చెవికైతే ఇంపుగా, సందడిగా. నాలుకకైతే కమ్మగా, కరకరలాడుతూ. ఒంటికైతే హాయిగా, వెచ్చగా. ఈ ప్రశ్న పడగానే పిల్లలు తెలిసిన మాటల్లోంచే సరైనది వెతికి తీస్తారు.

తెలిసిన మాటలుంటేనే అన్నది మళ్ళీ గుర్తుచేయాలి. ఇంట్లో తెలుగు పెద్దగా వినని పిల్లలకు ముందు కొన్ని వారాలు దత్తపది చేయించి, ఆ తర్వాతే ఇది మొదలుపెట్టండి.

"ఇంగ్లీషు మాట + చేయు" నిషేధం

ఇంగ్లీషు మాట ఒక్కటీ లేకుండా రాయమనడం చాలా బళ్ళలో పోటీగా పెడతారు. నాకు అది నచ్చదు. బస్సు, రైలు, ఫోను తెలుగులో స్థిరపడి, మన విభక్తులు తగిలించుకుని తిరుగుతున్న మాటలు. వాటి బదులు పిల్లవాడు ఎన్నడూ వినని మాట రాయించినా రేపు దాన్ని ఎవరితోనూ అనడు. పదహారో శతాబ్దంలో పొన్నగంటి తెలగన సంస్కృత సమాలకు (సంస్కృతం నుంచి దాదాపు అలాగే వచ్చిన మాటలకు) తావివ్వకుండా అచ్చతెలుగులో యయాతి చరిత్ర రాశాడు. అది కవి తనకు తాను పెట్టుకున్న దీక్ష. ఐదో తరగతి పిల్లవాడికి పెట్టాల్సిన పరీక్ష కాదు.

నిజంగా నష్టం చేస్తున్నవి క్రియలు. "వాష్ చేశాను" అనే ఒక్క మాట ఎన్నింటిని మింగేసిందో చూడండి. బట్టలు ఉతుకుతాం, జాడిస్తాం. గిన్నెలు తోముతాం. చేతులు కడుక్కుంటాం. "కట్ చేశాను" కిందా అంతే: కూరగాయలు తరుగుతాం, పండు కోస్తాం, బట్ట కత్తిరిస్తాం, కట్టెలు నరుకుతాం, పెన్సిలు చెక్కుతాం. "క్లీన్ చేశాను" అంటే ఊడ్చామా, తుడిచామా, బూజు దులిపామా, బియ్యం చెరిగామా? "బాయిల్ చేశాను" అంటే పప్పు ఉడికించామా, పాలు కాచామా, నీళ్ళు మరిగించామా?

నామవాచకాలను వదిలేసి, ఇంగ్లీషు మాటకు "చేయు" తగిలించడాన్ని మాత్రమే నిషేధించండి. అంశం వంటిల్లు, పొలం, ఇంటిపని, దర్జీ దుకాణం లాంటిదై ఉండాలి. చేత్తో చేసే పనులకు తెలుగులో ఉన్నన్ని క్రియలు పండగ వ్యాసంలో దొరకవు. ఇలా వచ్చిన మాటకు తూకం సమస్య కూడా ఉండదు. తరగడం, తోమడం ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ అనే మాటలే కాబట్టి ఆ సాయంత్రమే మళ్ళీ వినబడతాయి. చిన్న తరగతులకు నిషేధాల్లో దీన్నే ముందు ఎంచుకోమంటాను.

నిరోష్ఠ్యం

పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మ లేకుండా రాయాలి. వ పలికేటప్పుడు పెదవి పంటిని తాకుతుంది గాని, పిల్లలకు దాన్ని నిషేధంలో చేర్చకపోవడం మంచిది. సున్న సంగతి మాత్రం ముందే తేల్చాలి. మాట చివరి సున్న మకారంగా పలుకుతుంది, పెదవులు కలుస్తాయి. కాబట్టి "క్షీరం" కుదరదు, "క్షీరాన్ని" కుదురుతుంది. ఈ ఒక్క విషయం గమనించడానికే ఒక పీరియడ్ కేటాయించవచ్చు.

"అమ్మ పొద్దున్నే లేచి పాలు కాచింది" అన్న వాక్యం తీసుకుందాం. అమ్మ తల్లి అయింది. పొద్దున్నే అన్నది "తెల్లారకుండానే" అయింది. పాలు దగ్గర ఆగుతారు. నిఘంటువు తీసినవాళ్ళు "తల్లి తెల్లారకుండానే లేచి క్షీరాన్ని కాచింది" అంటారు. నియమం నిలిచింది, వాక్యం ఎబ్బెట్టుగా ఉంది. నిఘంటువు మూసి ఆలోచించినవాళ్ళు ఇలా రాస్తారు: "తల్లి తెల్లారకుండానే లేచింది. గిన్నె నిండా తెల్లగా నురగ లేచింది." పాలు అనే మాటే లేదు, పాలు కనిపిస్తున్నాయి. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన చదివి వినిపించండి. తూకం గురించి ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

కోపం బదులు కినుక, పువ్వు బదులు విరి, భయం బదులు జంకు, గొప్ప బదులు దొడ్డ. నిద్రలో ఉన్న మాటలు ఇలా చాలానే లేస్తాయి. ఇంటర్నెట్‌లో ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఒక మాట వెతికితే ఎన్నో నిఘంటువుల్లో ఉన్నది ఒకేచోట కనిపిస్తుంది, పెద్ద తరగతులకు అది చాలా ఉపయోగం. అయినా ఎనిమిదో తరగతి లోపు ఈ అభ్యాసం వద్దు. చిన్నపిల్లలు మాట కోసం వెతకడం మానేసి, అక్షరాలు ఏరుకుంటూ కూర్చుంటారు.

కొందరు ఒక్క అక్షరాన్నే నిషేధిస్తారు. ల తీసేస్తే బహువచనాల్లో ఎక్కువ భాగం పోతాయి. డ తీసేస్తే "వచ్చాడు, వెళ్ళాడు" పోయి కథానాయకుడికి గౌరవంగా "వచ్చారు" అనాల్సి వస్తుంది. సరదాగానే ఉంటుంది గాని, అక్కడ కదిలేది వ్యాకరణం. పదసంపద కోసమైతే పవర్గాన్ని (ప, ఫ, బ, భ, మలను) తీసేయడమే మేలు.

తొమ్మిది, పది తరగతుల్లో పద్య లక్షణాలు చెప్పేటప్పుడు ఛందస్సునూ ఇలాగే వాడుకోవచ్చు. ఆటవెలదిలో సూర్యగణం (మూడు లఘువుల న గణం గాని, గురువు, లఘువు ఉన్న హ గణం గాని) ఒక్క మాటతో నింపాలంటే "రవి" చాలదు, "సూర్యుడు" ఎక్కువవుతుంది. ఇనుడు, తరణి న గణంగా సరిపోతాయి, భాను హ గణంగా సరిపోతుంది. సూర్యుడికి ఇన్ని పేర్లు ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

గుణింత కథ, పదాల లెక్క, సమస్య

గుణింత కథలో ఒక్కో వాక్యం క, కా, కి, కీ అంటూ వరసగా మొదలవ్వాలి. రెండు నుంచి ఐదో తరగతి పిల్లలకు, తెలుగు అక్షరాలు ఈమధ్యే నేర్చినవాళ్ళకు ఇది పండగ. కై, కౌ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగుతారు. అప్పుడే నిఘంటువు చేతికివ్వాలి. కైవసం, కౌలు, కౌగిలి అక్కడ దొరుకుతాయి. కౌలు అంటే ఏమిటో పల్లెటూరి పిల్లలు మిగతావాళ్ళకు చెబుతారు. ఇంకొంచెం పెద్దవాళ్ళతో అన్ని మాటలూ ఒకే అక్షరంతో మొదలయ్యేలా రాయించవచ్చు: "కాకి కోపంగా కొమ్మను కదిలించింది. కిందున్న కుందేలు కంగారుపడింది." కథ ఎటో పోతుంది, పోనివ్వండి. దీనివల్ల లాభం నిఘంటువులో వెతకడం రావడమే.

పదాల లెక్క, అంటే యాభై మాటల్లో కథ, తెలుగులో అనుకున్నంత పదునుగా పనిచేయదు. "వెళ్ళిపోయినప్పటికీ" మనకు ఒకే మాట. సంధి చేసి లెక్క తప్పించుకోవడం పిల్లలకు క్షణాల్లో పట్టుబడుతుంది. ఒక మేలు ఉంది. "చేసిన సాయం మరిచిపోయేవాడు" అనే చోట కృతఘ్నుడు, "ఆపకుండా మాట్లాడే మనిషి" అనే చోట వాగుడుకాయ రాయక తప్పదు.

సమస్య అంటే వింత ముగింపు వాక్యం ఇచ్చి అక్కడికి చేర్చమనడం: "చివరికి తాళంచెవి పెరుగు గిన్నెలో దొరికింది." పిల్లలకు ఇది అన్నిటికన్నా ఇష్టం. ఏ మాటలు వాడాలో నియమం చెప్పదు కాబట్టి పాత మాటలతోనే లాగించేస్తారు. రాయనంటే రాయనని మొండికేసే తరగతిని కదిలించడానికి మొదటి వారం వాడండి.

ఎవరికి ఏది

నలభై మంది పైన ఉన్న తరగతికి దత్తపది, నలుగురేసి జట్లుగా. ఖాళీల పరీక్ష జట్ల మధ్యే జరిగిపోతుంది. మీరు చదవాల్సినవి నలభై కావు, పది.

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలున్న ఇంట్లో "ఇంగ్లీషు మాట + చేయు" నిషేధం. ముందు వంటింట్లో నోటితో ఆడించి, తర్వాత నాలుగు వాక్యాలు రాయించండి. పది నిమిషాలకు మించవద్దు. భోజనాల దగ్గర, చుట్టాల ముందు ఈ నియమం గుర్తుచేయకండి. తప్పు పడతారన్న టెన్షన్ ఉంటే పిల్ల తెలుగులో మాట్లాడటమే తగ్గించేస్తుంది.

విదేశాల్లో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్ళకు మొదట గుణింత కథ, తర్వాత జోడీలతో దత్తపది. అక్కడి పిల్లలకు మాటలు కొన్నైనా తెలుస్తాయి, "ఆకలి వేసింది" లాంటి జోడీలు వినే అవకాశమే తక్కువ. నిరోష్ఠ్యం జోలికి పోవద్దు. వారమంతా ఇంకెక్కడా వినబడని మాట నేర్పితే మళ్ళీ శనివారానికి అది మిగలదు.

పదో తరగతి వాళ్ళకు సృజనాత్మకత ప్రశ్నలో కథ, లేఖ, కరపత్రం, సంభాషణ లాంటివి వస్తాయి. సంవత్సరం మొదట్లో అరిగిన మాటల నిషేధం, దసరా తర్వాత పదాల లెక్క పెట్టుకోండి. పరీక్షలకు నెల ముందు అన్ని నియమాలూ ఆపేయాలి. నియమంతో రాసే అలవాటు వల్ల చెయ్యి నెమ్మదిస్తుంది, పరీక్ష హాల్లో అది నష్టం.

ఎవరైనా సరే ఒకేసారి రెండు నియమాలు పెట్టవద్దు. దత్తపది మాటలిచ్చి, పైగా "చాలా" వాడొద్దంటే పిల్లవాడు రెండోదాన్నే గుర్తుపెట్టుకుంటాడు.

పనిచేసిందో లేదో ఆ రోజు నోటుపుస్తకం చూస్తే తెలియదు. నెల తర్వాత ఏ నియమం లేకుండా మామూలు వ్యాసం ఒకటి రాయించి, ఆ నెలలో ఇచ్చిన మాటల్లో ఏవి వాటంతట అవే వచ్చాయో కింద గీత గీయండి. ఒక్కటీ రాకపోతే మరుసటి నెల వారానికి నాలుగు మాటలు ఇస్తున్నచోట రెండే ఇచ్చి, ఆ రెంటినే మూడు వారాలు మూడు కథల్లో వాడించండి.